దుకాణం పేరు సరే, పండించిందెవరు?

ఖతార్ రాజధాని దోహాలోని పెద్ద సూపర్‌మార్కెట్లలో సేంద్రియ సరుకుల అరల దగ్గర తెలుగు కుటుంబాలు కూడా ఆగుతున్నాయి. కందిపప్పు, పసుపు, రాగిపిండి, బెల్లం అన్నీ దొరుకుతాయి. కొన్ని ప్యాకెట్ల మీద దుకాణం పేరు తప్ప మరో పేరు కనిపించదు. ధర మాత్రం మామూలు సరుకు కంటే ఎక్కువ. ఆ అదనపు సొమ్ము దేనికి ఇస్తున్నామో, ఎవరి చేతికి చేరుతోందో అడిగే హక్కు కొనేవారికి ఉంది.

సొంత బ్రాండు అమ్మడానికి దుకాణానికి పొలమూ అక్కర్లేదు, పప్పు మిల్లూ అక్కర్లేదు. ఒక ప్యాకింగ్ సంస్థతో ఒప్పందం చేసుకుని తన పేరు అచ్చు వేయించుకుంటే చాలు. వచ్చే ఏడాది ఆ సంస్థ మారిపోయినా కవరు మారదు. అసలు దుకాణం పేరు వెనక కూడా మరొకరు ఉండవచ్చు. కారెఫోర్ పేరు ఫ్రాన్స్‌ది. గల్ఫ్‌లో 1995 నుంచి ఆ బోర్డు కింద దుకాణాలు తెరుస్తూ వచ్చింది దుబాయ్‌కి చెందిన మాజిద్ అల్ ఫుత్తైమ్. లూలూ దుకాణాల కేంద్రం అబుదాబి. ఖతార్ సొంత సంస్థ అల్ మీరా 2004 నాటి చట్టంతో పాత వినియోగదారుల సహకార సంఘాల స్థానంలో ఏర్పడిన కంపెనీ.

ఈ సొంత బ్రాండు పద్ధతిలో ఏం జరగవచ్చో అమెరికా ఒకసారి చూసింది. వాల్‌మార్ట్, కాస్ట్‌కో, టార్గెట్ తమ తమ పేర్లతో అమ్మిన సేంద్రియ పాలు అరోరా ఆర్గానిక్ డెయిరీ అనే ఒకే సంస్థవి. ఆవులను పచ్చిక బీళ్లలో సరిగా మేపడం లేదని, మరికొన్ని నిబంధనలూ తప్పిందని 2007లో ఆ దేశ వ్యవసాయ శాఖ సర్టిఫికెట్ రద్దుకు నోటీసు ఇచ్చింది. మార్పులకు ఒప్పుకుని సంస్థ బయటపడింది. మూడు దుకాణాల్లో మూడు పేర్లు చూసి కొన్నా అవన్నీ ఒకే డెయిరీ పాలు.

ఇంతకీ సేంద్రియం అంటే ఏమిటి? విషం బొత్తిగా లేనిదని, పోషకాలు ఎక్కువ ఉన్నదని చాలామంది నమ్మకం. సర్టిఫికెట్ హామీ ఇచ్చేది వాటికి కాదు, సాగు పద్ధతికి. రసాయన ఎరువులు, కృత్రిమ పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడలేదని, తనిఖీ జరిగిందని మాత్రమే అది చెబుతుంది. పొలం మారడానికి గడువూ ఉంది: యూరప్‌లో ఏడాది పంటలకు 2 ఏళ్లు, తోటలకు 3 ఏళ్లు, అమెరికాలో అన్నిటికీ 3 ఏళ్లు. ఆ గడువు తీరేదాకా రైతు మందులు మానేసి పండించినా సేంద్రియ ముద్ర పడదు. దిగుబడి తగ్గితే ఆ నష్టం రైతుదే. మనం ఎక్కువ ధర ఇవ్వడానికి నాకు కనిపించే న్యాయమైన కారణం ఇదే.

ఖతార్‌లో ఈ ప్రశ్న ఇంకాస్త చిక్కుపడుతుంది. 2017 జూన్‌లో పొరుగు దేశాలు దిగ్బంధం విధించాక ఆ దేశం స్థానిక పంటల మీద గట్టిగా దృష్టి పెట్టింది. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఇసుక నేల కనుక గ్రీన్‌హౌసులు, మట్టి లేకుండా పోషక జలంతో పెంచే హైడ్రోపోనిక్స్ పెరిగాయి. నీళ్లు ఆదా అవుతాయి, కూరలు తాజాగా వస్తాయి. అయితే అలా పెంచిన టమాటాను యూరప్ నిబంధనలు సేంద్రియమని ఒప్పుకోవు. అమెరికా నిబంధనలు ఒప్పుకుంటాయి. కాబట్టి ‘ఆర్గానిక్’ అన్న మాట ఒక్కటి చాలదు, ఏ దేశపు నిబంధన ప్రకారమో చూడాలి.

అది ప్యాకెట్ వెనక తెలుస్తుంది. యూరప్ ఆకు గుర్తు పక్కన ‘ఐఎన్-బయో’ లాంటి కోడ్, ఒక సంఖ్య ఉంటే అది మన దేశంలో తనిఖీ చేసిన సంస్థ గుర్తు. అమెరికా ముద్ర ఉంటే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు రాసి తీరాలి. భారత్‌లో అమ్మే వాటికి అధికారిక సేంద్రియ గుర్తు ఉంటుంది. ఇవేవీ లేకుండా ముందు వైపు పచ్చటి అక్షరాలు మాత్రమే ఉంటే ఆ ప్యాకెట్‌కు ఎక్కువ ధర ఇవ్వక్కర్లేదు. ముద్ర ఉన్నా అంతా సరిగ్గా ఉంటుందనీ లేదు. 2020లో యూరప్‌కు వెళ్లిన మన నువ్వుల్లో అక్కడ నిషేధించిన రసాయనం ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడినప్పుడు వాటిలో సేంద్రియ నువ్వులూ ఉన్నాయి.

ఈ కోడ్‌లేవీ రైతు పేరు చెప్పవు. అరెకరం, రెండెకరాల మనిషి సొంతంగా సర్టిఫికెట్ ఖర్చు భరించలేడు కనుక భారత ప్రభుత్వ సేంద్రియ ధ్రువీకరణ కార్యక్రమం ఎన్‌పీఓపీ పాతికమందికి తక్కువ కాకుండా రైతులను గుంపుగా నమోదు చేసింది. చాలాచోట్ల ఆ గుంపును నడిపింది కొనుగోలు కంపెనీయే. సర్టిఫికెట్టూ దాని చేతిలోనే ఉండేది. ఆ కంపెనీ ధర నచ్చక రైతు మరొకరికి అమ్మితే అదే పప్పు మామూలు పప్పు అయిపోయేది. యాజమాన్యాలు మారినా రైతును అడిగేవారు లేరు. 2004లో హైదరాబాద్‌లో మొదలై ‘24 మంత్ర’ పేరుతో మనవాళ్లకు పరిచయమైన శ్రేష్ఠ సంస్థను 2025లో ఐటీసీ కొనేసింది.

మరోవైపు 2024లో గుల్బెంకియన్ పురస్కారం అందుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో లక్షల మంది రైతులున్నారు. సర్టిఫికెట్ లేనిదే వారి పంట సేంద్రియ ముద్రతో ఎగుమతి కాదు.

సొంత బ్రాండు సేంద్రియ ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన సంస్థ, తనిఖీ సంస్థ, పండిన జిల్లా, రైతు సంఘం పేరు దుకాణాలు అచ్చు వేయాలి. కవరు మీద అందుకు చోటు లేకపోలేదు. ఖతార్‌లో ఉన్న తెలుగువారు ఈసారి కందిపప్పు కొనేటప్పుడు పండించిందెవరని కౌంటర్‌లో అడగండి. జవాబు రాకపోతే దుకాణానికి రాసి పంపండి.