డాక్టరుకి భయం... నష్టం ఎవరికి?

"కేసు సీరియస్‌గా ఉంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి." చిన్న ఊళ్లలో నెలలు నిండిన ఆడవాళ్లకి ఈ మాట కొత్త కాదు. దాని వెనక ఒక్కోసారి అవసరం కన్నా భయమే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు.

ఆ భయం ఊరికే రాలేదు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసాలో కాన్పయ్యాక రక్తస్రావంతో ఓ తల్లి చనిపోయింది. బంధువులు గొడవ చేస్తే పోలీసులు డాక్టరమ్మ మీద ఏకంగా హత్య కేసు పెట్టారు. మర్నాడే ఆవిడ ప్రాణం తీసుకుంది. ఇలాంటి ఆరోపణ వస్తే ముందు సంబంధం లేని మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని, అరెస్టులకి తొందరపడొద్దని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. విన్నదెవరు?

అలాగని నిర్లక్ష్యాన్ని సహించమని నేననను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో అదే కోర్టు తీర్పిచ్చింది. 2002 నాటి నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో మన రికార్డులు మనకివ్వాలి. ఆ కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడం మన హక్కు.

ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం మాత్రం హక్కు కాదు. పరిహారం కట్టాల్సి వస్తుందంటే డాక్టరు జాగ్రత్తపడతాడు. జైలూ దెబ్బలూ తప్పవంటే కష్టమైన కాన్పు ముట్టుకోడు. రక్తస్రావం గంటల్లోనే ప్రాణం తీస్తుంది. పట్నం దారిలో ఆ గంటలు పోగొట్టుకునేది మన ఆడపిల్లలే కదా!