బీరువా వెనక బొమ్మలు

ఆ పడగ్గదిలో గోడకే బిగించేసిన పెద్ద చెక్క బీరువా. వెనక ఏవో మసక బొమ్మలున్నాయని తెలుసు. అంతే! 2013లో రంగుల పొరలూ వాల్‌పేపరూ ఓపిగ్గా ఒలిచి చూస్తే... ఆదాము, అవ్వ, నోవహు, రాహేలు, యాకోబు వరసగా నిలబడి ఉన్నారు. గోడకి వేలాడదీసిన గుడ్డ మీద ఉన్నట్టు, మడతలతో సహా గీసిన చిత్రమది.

లండన్ శివారు బెక్స్‌లీహీత్‌లోని ఆ ఇంటి పేరు రెడ్ హౌస్. కట్టించుకున్నది విలియం మోరిస్. 1859లో జేన్‌ని పెళ్లి చేసుకున్నాడు, మర్నాటి ఏడే ఎర్రిటుకల ఈ కొత్తింట్లో కాపురం. ప్లాన్ గీసిన ఫిలిప్ వెబ్ అతని స్నేహితుడే. సొంతంగా కట్టిన మొదటిల్లు! యంత్రాల మీద తయారైన సామాను మోరిస్‌కి నచ్చేది కాదు. దాంతో స్నేహితులంతా శని, ఆదివారాలొచ్చి గోడలకి బొమ్మలేసేవారు. జేన్ నీలం సర్జి గుడ్డ మీద డైసీ పూలు కుట్టింది. పైకప్పు చూస్తే మనకి ముగ్గే గుర్తొస్తుంది. పచ్చి సున్నంలో చుక్కలు గుచ్చి, వాటిని బట్టి డిజైన్లు వేశారు మరి. చేత్తో చేసిన పనికి విలువివ్వాలన్న ఈ పట్టుదలే తర్వాత ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమమైంది.

తోటకీ అంతే మర్యాద. పళ్లతోటలో చెట్లు వీలైనన్ని తక్కువ కొట్టి మధ్యలో ఇల్లు లేపారు. కిటికీలు తీసి ఉంచితే ఆపిల్స్ గదుల్లోకే రాలేవట! గులాబీ తీగల పందిరి చూసి మోరిస్ 1862లో ‘ట్రెల్లిస్’ వాల్‌పేపర్ గీస్తే, అందులో పిట్టల్ని వెబ్ వేశాడు. కోసుగా టోపీ పెట్టినట్టుండే కప్పుతో బావి ఇప్పటికీ ఉంది.

ఇంత ముచ్చటపడి కట్టుకున్న ఇంట్లో అతనున్నది అయిదేళ్లే. లండన్‌కి రోజూ తిరగడం, కీళ్లవాత జ్వరం, తగ్గిన రాబడి... 1865లో వదిలేశాడు. 1896లో చనిపోయేదాకా మళ్లీ ఆ గడప తొక్కలేదు. చూస్తే తట్టుకోలేనని!

తర్వాత చాలా చేతులు మారింది. 1952లో వచ్చిన ఆర్కిటెక్ట్ టెడ్ హోలంబీ దాన్ని బాగుచేస్తూ అక్కడే ఉండిపోయాడు. 2003లో నేషనల్ ట్రస్ట్ తీసుకుంది.

గదుల నిండా సామానుంటుందనుకుంటే మాత్రం నిరాశే. చాలావరకు మోరిస్‌తోనే వెళ్లిపోయింది. జేన్ కుట్టిన తెరలు చూడాలంటే కెల్మ్‌స్కాట్ మేనర్‌కి పోవాల్సిందే. కదపడానికి వీల్లేని భారీ చెక్క బెంచీ, అలమారాలాంటివే ఇక్కడ మిగిలాయి. లండన్ నుంచి రైల్లో బెక్స్‌లీహీత్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. ఇల్లు తెరిచే రోజులు ముందే కనుక్కుని బయల్దేరాలి.