లిఫ్ట్ పాడైన నెలన్నర

మా హాస్టల్ లిఫ్ట్ పాడై నెలన్నర అయ్యింది. నా రూమ్ నాలుగో అంతస్తులో. మొదటి వారం అందరిలాగే నేనూ తిట్టుకుంటూ ఎక్కాను. రెండో వారంలో మా ఫ్లోర్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక వీడియో వచ్చింది. "నాలుగు నిమిషాల టబాటా చేస్తే గంట పరిగెత్తినట్టే" అని. నలభై హార్ట్ ఎమోజీలు, రెండు "రేపట్నుంచి స్టార్ట్" మెసేజ్‌లు. ఆ రేపు ఇంకా రాలేదనుకోండి, అది వేరే విషయం.

నాకు అనుమానం వచ్చింది. ఎవరైనా "పదోవంతు టైమ్‌లో అదే రిజల్ట్" అంటే మా సీఎస్‌ఈ వాళ్ళకి మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఏ ఇన్‌పుట్ మీద టెస్ట్ చేశారు? అందుకే అసలు పేపర్ వెతికి చదివాను. ఫిజియాలజీ పదాలు సగం అర్థం కాలేదు. మిగతా సగం మాత్రం చాలా ఆసక్తిగా ఉంది. (నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇందులో ఒత్తులు సరిగ్గా ఉన్నాయంటే ఆ పుణ్యం ఎడిటర్ అక్కది.)

టబాటా అనేది ఎక్సర్‌సైజ్ పేరు కాదు, మనిషి పేరు. ఇజుమి టబాటా జపాన్ శాస్త్రవేత్త. ఆ పద్ధతి కూడా ఆయన కనిపెట్టింది కాదు, జపాన్ స్పీడ్ స్కేటింగ్ టీమ్ కోచ్ ఇరిసావా కోయిచి వాడుతున్నది. అది నిజంగా పనిచేస్తుందా అని టబాటా కొలిచి చూసి, 1996లో పేపర్ రాశారు. ఒక గుంపు వారానికి ఐదు రోజులు, రోజుకి గంట, మధ్యస్థమైన వేగంతో సైకిల్ తొక్కింది. రెండో గుంపు 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల తర్వాత చూస్తే శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, అంటే వీఓటూ మ్యాక్స్, ఇద్దరికీ పెరిగింది. గంట తొక్కినవాళ్ళకి 5 యూనిట్లు, ఇంటర్వల్ వాళ్ళకి 7. పైగా ఆక్సిజన్ సరిపోనప్పుడు కూడా పని చేయగలిగే శక్తి ఇంటర్వల్ వాళ్ళకి 28 శాతం పెరిగింది, గంట వాళ్ళకి అసలు మారలేదు.

అయితే వీడియో నిజమే కదా అంటారా? ఆగండి.

ఆ 20 సెకన్లు వాళ్ళు తొక్కింది తమ వీఓటూ మ్యాక్స్‌కి 170 శాతం తీవ్రతతో. అంటే ఏడో ఎనిమిదో సారికి కాళ్ళు ఇక తిరగనంటాయి. చేసింది ఎవరు? ఫిజికల్ ఎడ్యుకేషన్ చదివే కుర్రాళ్ళు, గుంపుకి ఏడుగురు. అందులోనూ ఇంటర్వల్ గుంపు వారంలో ఒక రోజు అరగంట మామూలుగా కూడా తొక్కింది, ఆ సంగతి ఏ వీడియోలోనూ ఉండదు. మనం రూమ్‌లో పాట పెట్టుకుని, నవ్వుకుంటూ, 20 సెకన్లు జంపింగ్ జాక్స్ చేసి "టబాటా అయిపోయింది" అనుకుంటాం. టైమర్ ఒకటే, పని ఒకటి కాదు. టైమ్‌లో మిగిలించుకున్నది కష్టంలో కట్టాల్సిందే, ఎక్కడా డిస్కౌంట్ లేదు.

అలాగని అంతా మోసం అనను. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మార్టిన్ గిబాలా బృందం ఇదే ప్రశ్న మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. 2016లో వాళ్ళ ప్రయోగం ఒకటి నాకు బాగా నచ్చింది. వ్యాయామం అలవాటు లేని మగవాళ్ళని తీసుకుని, ఒక గుంపుతో వారానికి మూడుసార్లు 50 నిమిషాల సెషన్, ఇంకో గుంపుతో పది నిమిషాల సెషన్ చేయించారు. ఆ పది నిమిషాల్లో గట్టిగా తొక్కింది మూడుసార్లు ఇరవై సెకన్లు, అంటే మొత్తం ఒక్క నిమిషం. పన్నెండు వారాల తర్వాత రెండు గుంపులకీ ఫిట్‌నెస్ సుమారు 19 శాతం పెరిగింది.

మళ్ళీ మగవాళ్ళే. చదువుతున్నకొద్దీ నాకు చిరాకు వచ్చింది ఇక్కడే. కానీ 2017లో అదే ల్యాబ్ నుంచి ఇంకో పేపర్ ఉంది. ఈసారి వ్యాయామం చేయని యువతులు. సైకిల్ లేదు, మెషిన్ లేదు, మెట్లు! 20 సెకన్లు వీలైనంత వేగంగా మెట్లెక్కడం, కాసేపు తేరుకోవడం, మళ్ళీ ఎక్కడం. మొత్తం మూడుసార్లు, ముందూ వెనకా కాస్త వార్మప్, కూల్‌డౌన్. వారానికి మూడు రోజులు, ఆరు వారాలు. ఫిట్‌నెస్ 12 శాతం పెరిగింది.

నెలన్నరగా తిట్టుకుంటున్న మెట్లని ఆ రోజు కొంచెం గౌరవంగా చూశాను. ఇప్పుడు సోమ, బుధ, శుక్ర వారాల్లో గ్రౌండ్ ఫ్లోర్ నుంచి మూడుసార్లు ఎక్కుతున్నాను. మొదటి రోజు మూడో రౌండ్‌లో, రెండో అంతస్తు దగ్గర రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. సెక్యూరిటీ ఆంటీ "ఏమ్మా, ఎవరైనా తరుముతున్నారా?" అని పైకి వచ్చేసింది. గుండె జబ్బో, ఆస్తమానో ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఇది మొదలుపెట్టకండి. మిగతావాళ్ళు కూడా దిగేటప్పుడు పరిగెత్తకండి.

ఇక్కడితో ఆపేస్తే ఇది కూడా ఆ వీడియో లాంటి వ్యాసమే అవుతుంది. ఎందుకంటే మనం మర్చిపోయే సగం ఇంకోటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్న లైన్ అందరికీ తెలుసు. దాని పక్కనే, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని చేయాలని కూడా ఉంది. నా ఫ్లోర్‌లో అడిగాను. ఆ రెండో లైన్ విన్నవాళ్ళు ఇద్దరు. బరువులు అనగానే వచ్చిన జవాబు మాత్రం అందరిదీ ఒకటే: "అమ్మో, మగాళ్ళలా అయిపోతాం." మా క్లాసులో అబ్బాయిలు రెండేళ్ళుగా ప్రోటీన్ పౌడర్ తాగుతూ బరువులెత్తుతున్నా వాళ్ళకే రానిది, మనకి వారానికి రెండు రోజులు డంబెల్ పట్టుకుంటే వచ్చేస్తుందా?

నాకు ఈ సంగతి పట్టడానికి కారణం మా అమ్మమ్మ. డెబ్బై నాలుగేళ్ళు. ఒకప్పుడు రెండు చేతులా రెండు బిందెలు మోసుకొచ్చిన మనిషి. ఇప్పుడు కింద కూర్చోవడం మానేసింది. కూర్చోలేక కాదు, లేవలేనని భయం. పోయిన దసరాకి వెళ్తే పూజ కూడా కుర్చీలో కూర్చునే చేసుకుంది. "పెద్దతనం కదే, అంతే" అంది. ఇంట్లో అందరం అవునన్నాం. నేనూ అన్నాను.

తర్వాత చదివాను, 1990లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే డాక్టర్ చేసిన ప్రయోగం. వృద్ధాశ్రమంలో ఉండే పదిమంది, సగటు వయసు 90. వాళ్ళతో వారానికి మూడు రోజులు, కాళ్ళతో బరువులెత్తించారు. తేలికవి కాదు, వాళ్ళు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం దాకా. ఎనిమిది వారాల్లో తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే 1.74 రెట్లు కాదు, 2.74 రెట్లు. (మొదట్లో బలం చాలా తక్కువ కాబట్టి శాతం పెద్దగా కనిపిస్తుంది, అది ఒప్పుకుంటాను.) ఇద్దరు చేతికర్ర వదిలేశారు. మళ్ళీ నాలుగు వారాలు ఆపేస్తే బలం 32 శాతం పడిపోయింది కూడా.

పదిమందే కదా, కంట్రోల్ గ్రూప్ కూడా లేదు కదా అని నాకూ అనిపించింది. ఆవిడకీ అనిపించినట్టుంది. 1994లో వందమందితో, కంట్రోల్ గ్రూపులతో మళ్ళీ చేశారు. పది వారాల్లో వ్యాయామం చేసినవాళ్ళ బలం 113 శాతం పెరిగింది, చేయనివాళ్ళది 3 శాతం. వ్యాయామం లేకుండా బలానికి సప్లిమెంట్ డ్రింక్ మాత్రమే ఇచ్చినవాళ్ళకి ఏమీ ఒరగలేదు. మా ఇంట్లో అమ్మమ్మకి కొనిపెట్టింది సరిగ్గా అదే, డబ్బాల్లో బలం పొడి.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు, డాక్టర్‌ని అడిగాకే, ఒక పని మొదలుపెట్టించాను. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. మొదటిరోజు మూడుసార్లు, నేను ఎదురుగా చేతులు చాపి నిలబడితే. "ఏమే, ఇంజనీరింగ్‌లో మీకు ఇదేనా చెప్పేది?" అంది. ఇప్పుడు ఫోన్లో లెక్క చెప్తుంది. నిన్న పదకొండు. ఇది ప్రయోగం కాదు, శాంపిల్ సైజ్ ఒకటి, పైగా ఆవిడ అబద్ధం చెప్తుండొచ్చు. కానీ పోయిన వారం కింద పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలిచిందట. ఆ మాట మా పిన్ని చెప్పింది కాబట్టి నమ్ముతున్నాను.

బరువులకి జిమ్ తప్పనిసరా? పూర్తిగా కాదు. మెక్‌మాస్టర్‌లోనే 2012లో ఇంకో ప్రయోగం చేశారు. ఒక్కో కుర్రాడి రెండు కాళ్ళకీ రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లు, అచ్చం మన ఏ/బీ టెస్టింగ్ లాగా! గరిష్ఠ బరువులో 30 శాతమే ఉన్నా, ఇక ఎత్తలేను అనేదాకా ఎత్తిస్తే, కండరం 80 శాతం బరువుతో చేసినట్టే పెరిగింది. అంటే పుస్తకాలు కుక్కిన బ్యాగుతో కూడా మొదలుపెట్టొచ్చు. కాకపోతే గరిష్ఠ బలం మాత్రం పెద్ద బరువులెత్తిన కాళ్ళకే ఎక్కువ పెరిగింది. ఆస్ట్రేలియాలో మెనోపాజ్ దాటిన, ఎముకలు పలచబడ్డ 101 మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో కూడా అంతే. ట్రైనర్ పక్కనుండగా, వారానికి రెండుసార్లు అరగంట పెద్ద బరువులు ఎత్తినవాళ్ళకి ఎనిమిది నెలల్లో నడుము ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. కాబట్టి బ్యాగుతో మొదలుపెట్టొచ్చు గానీ, ఎప్పటికైనా ఇనుము దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆ ఇనుము మా కాలేజీలో ఉంది. అమ్మాయిలకి టైమ్ సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర. మా ల్యాబ్ వదిలేది నాలుగూ యాభైకి. రూమ్‌కెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఐదూ పది. వార్మప్ అయ్యేసరికి బయట అబ్బాయిలు లైన్‌లో నిలబడి ఉంటారు. వాళ్ళకి పొద్దున రెండున్నర గంటలు, రాత్రి తొమ్మిది దాకా. ఇదేంటని అడిగితే "అమ్మాయిలు ఎలాగూ రారు కదమ్మా" అన్నారు. రాలేని టైమ్ ఇచ్చి, రావట్లేదని లెక్క చూపించడం! ఈ డేటాతో మా ప్రాబబిలిటీ క్లాసులో అసైన్‌మెంట్ రాస్తే సున్నా వేస్తారు.

నేను అడిగేది వారానికి రెండు రోజులు, పొద్దున ఆరు నుంచి ఏడున్నర. ఇంకా, బరువెత్తడం మొదటిసారి సరిగ్గా చూపించడానికి ఒక మనిషి. లెటర్ రాసి మా నాలుగు ఫ్లోర్లూ తిరిగి సంతకాలు తీసుకున్నాను. అరవై మూడు వచ్చాయి. సంతకం పెట్టిన వాళ్ళలో కనీసం పదిమంది "మగాళ్ళలా అయిపోతాం" అన్నవాళ్ళే. లెటర్ ఇచ్చి పన్నెండు రోజులైంది. "చూద్దాం" అన్నారు.

నిన్న లిఫ్ట్ బాగుచేశారు.