బడిలోకి వీధినాటకాన్ని పిలుద్దాం

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తల్లిదండ్రులకు, అయ్యవార్లకు విన్నపం.

ద్రౌపదమ్మ గుడి ముందర భారతం ఆడే రోజుల్లో మన పిల్లలకు నిద్ర ఉండదు. అర్జునుడు తపస్సుమాను ఎక్కడం, నేలమీద మట్టితో పోసిన దుర్యోధనుణ్ణి భీముడు కొట్టడం చూసి, మరునాడు వీధిలో అదే ఆడతారు. పాట ఎత్తుకుంటారు, మాటకు మాట అంటారు. ఆ బిడ్డే బడిలో తెలుగు వాచకం తెరిస్తే నోరు మెదపడు. తప్పు బిడ్డది కాదు, మనం పాఠం చెప్పే తీరుది.

2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మన పిల్లలకు బాగా రావాల్సిందే. ఇంటి తెలుగూ నిలవాలి. బట్టీ పట్టిస్తే రెండూ నాలుక మీదే ఆగిపోతాయి.

అందుకే పాఠాన్నే వీధినాటకంలా ఆడించమంటున్నాం. వార్షికోత్సవంలో రంగు పూసుకొని అప్పజెప్పే నాటకం సంగతి కాదిది. కృష్ణగిరి మామిడినే పాఠం చేయండి. తరగతిలో కొందరు తోతాపురి రైతులు, కొందరు మండీ దళారులు, కొందరు గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు. టన్ను ధర తేలాలి. తరుగు ఎంత, లారీ బాడుగ ఎంత, చేతికి మిగిలేది ఎంత? లెక్క కట్టనివాడు బేరంలో ఓడతాడు, అందుకని ప్రతి పిల్లవాడూ ముందురోజే ఇంట్లో తాతను అడిగి వస్తాడు. రైతు తెలుగులో అడిగితే దళారి తమిళంలో బదులిస్తాడు, మన సంతల్లో జరిగినట్టే. బేరం తెగకపోతే కలెక్టరుకు అర్జీ రాయాలి. ఎప్పుడూ వెనక వరుసలో ఒదిగి కూర్చునే ఆడపిల్లకు దళారి వేషం ఇచ్చి చూడండి, ఆమె గొంతు అప్పుడు వింటారు.

ఇంగ్లండులో సాంప్టింగ్ అనే పల్లెబడిలో హ్యారియట్ ఫిన్లే-జాన్సన్ అనే టీచరు వందేళ్ల కిందటే పిల్లలకు ఇలా ఆటగా పాఠాలు చెప్పి, ఆ పద్ధతి మీద పుస్తకం రాశారు. మన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా కళలను చదువులో కలపమంది. సర్కారు బడిపిల్లలకు నడిపే కలై తిరువిళా కళల పోటీలు మంచివే, కానీ బహుమతి కొందరికే. పాఠం అందరికీ అందాలి.

సిలబస్ ముగియదని కొందరు అయ్యవార్లు అంటారు. వాళ్ల భయం నిజమే. పిల్లలకు ఎక్కకుండా ముగిసిన సిలబస్‌ను మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వస్తున్నదీ నిజమే.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేదీ ఆ కమిటీయే. వచ్చే సమావేశంలో ఇవి అడగండి: వారానికి రెండు పీరియడ్లు ఆటపాఠానికి కేటాయించాలి. భాగోతం నేర్పే ఊరి గురువును నెలకొకసారి బడికి పిలవాలి, ఆయన కూలి ఆయనకు ఇవ్వాలి. అయ్యవార్లకు శిక్షణ కావాలని విద్యాశాఖకు రాయాలి. తీర్మానాన్ని తెలుగులోనూ తమిళంలోనూ రాసి, సంతకాలు పెట్టి హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి.