కోడు మారిస్తే జబ్బు తగ్గుతుందా?

ప్రశ్న: నా వయస్సు 46 సంవత్సరాలు. మూడేళ్ళుగా మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి. రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవవలసి వస్తోంది. మందులు వాడితే పది రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. రెండుసార్లు ఆసుపత్రిలో చేరాను. మా అక్కగారి అబ్బాయి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు నా కాగితాలన్నీ చూసి, "పిన్నీ, అన్నిట్లోనూ యు.టి.ఐ. అనే ఉంది. దానికి ఎన్ 39.0 కోడే పడుతుంది. నీ జబ్బు మూడేళ్ళ నాటిదని ఒక్క కాగితమూ చెప్పడం లేదు" అన్నాడు. అసలీ కోడు ఏమిటి? అది మారిస్తే నా జబ్బు తగ్గుతుందా?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: కోడు మారిస్తే జబ్బు తగ్గదమ్మా. అయినా ఆ అబ్బాయి మాటను తేలిగ్గా తీసిపారెయ్యకండి. మూడేళ్ళుగా మిమ్మల్ని చూస్తున్న డాక్టర్లు గమనించని సంగతి అతను కాగితాలు చూసి పట్టుకున్నాడు.

ప్రతి జబ్బుకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అక్షరమూ కొన్ని అంకెలూ కేటాయించింది. అదే కోడు. ఏ జబ్బు ఎంతమందికి వస్తోందో లెక్క తీయడానికీ, ఇన్సూరెన్సు వారు డబ్బు చెల్లించడానికీ ఇదే ఆధారం. 2022 నుంచి పదకొండవ కూర్పు అమల్లోకి వచ్చింది గాని, అమెరికా ఆసుపత్రుల కాగితాలకు కోడ్లు వేసే మన పిల్లలు ఇంకా పదవ కూర్పుతోనే పని చేస్తున్నారు.

ఆ పుస్తకంలో మూత్రాశయం వాపుకు, అంటే సిస్టయిటిస్‌కు, ఎన్ 30 అనే గది ఉంది. హఠాత్తుగా వచ్చినదైతే 30.0. సూక్ష్మజీవులు కనిపించకుండా నెలల తరబడి నొప్పి పెట్టే ఇంటర్‌స్టీషియల్ రకమైతే 30.1. ఇతర దీర్ఘకాలిక వాపు 30.2. కాన్సరుకు కరెంటు పెట్టించుకున్నాక వచ్చినదైతే 30.4. డాక్టరు ఏ రకమో చెప్పకుండా 'సిస్టయిటిస్' అని ఊరుకుంటే 30.9. కల్చర్‌లో ఏ సూక్ష్మజీవి పెరిగిందో చెప్పడానికి పక్కన ఇంకొక కోడు వేస్తారు. అమెరికా వారైతే మూత్రంలో రక్తం పడిందా లేదా అన్నదానికి కూడా మరొక అంకె చేరుస్తారు. మీకు పడిన 39.0 ఈ గదిలోదే కాదు. మూత్రమార్గంలో ఎక్కడో తెలియని ఇన్‌ఫెక్షన్ అని దాని అర్థం.

కోడు వేసేవారు సొంతంగా ఊహించి రాయకూడదు. డాక్టరు రాసినదానికే కోడు వేయాలి. అనుమానం వస్తే డాక్టరునే అడగాలి. కనుక తప్పు కోడు వేసినవారిది కాదు, కలం పట్టుకున్న మాది. ఓ.పి.లో ఒక పూటకు నూటయాభై మంది వస్తే మూడు అక్షరాలు గిలికి, బిళ్ళలు రాసి పంపడం మాకు అలవాటైపోయింది.

ఈ మాట ఊరికే అనడం లేదు. సుమారు ఇరవై ఏళ్ళ కిందట ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉండగా, మిల్లులో పనిచేసే ఒక స్త్రీ మీ బాధలతోనే నా దగ్గరకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ యు.టి.ఐ. అని రాశాను, మూడుసార్లూ మందు మార్చాను. నాలుగోసారి ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి పాత చీటీలన్నీ బల్లమీద వరసగా పేర్చి, "సార్, ప్రతిసారీ చీము కణాలున్నాయి, ఒక్కసారీ కల్చర్‌లో ఏమీ పెరగలేదు" అంది. అది మూత్రాశయపు క్షయ. దాని కోడే వేరు, ఎ 18.1. ఆరు నెలల మందులతో క్షయ నయమైంది గాని, అప్పటికే మూత్రాశయం కుంచించుకుపోయింది. గంట గంటకూ లేవవలసిన అవస్థ ఆమెకు మిగిలిపోయింది. మొదటి చీటీలోనే 'ఇన్నాళ్ళుగా ఉంది, కల్చర్‌లో ఏమీ లేదు' అని రాసి ఉంటే రెండోసారే నాకు అనుమానం తగిలి ఉండేది.

అందుచేత మీరు కోడు సంగతి వదిలి కాగితాల సంగతి చూడండి. మూడేళ్ళ కల్చర్ రిపోర్టులన్నీ తేదీల వరసన పెట్టండి. ప్రతిసారీ సూక్ష్మజీవి పెరిగి ఉంటే ఇది మళ్ళీ మళ్ళీ వస్తున్న ఇన్‌ఫెక్షన్. రాయి ఉందా, షుగరు ఉందా, మూత్రం పూర్తిగా ఖాళీ అవుతోందా అని వెదకాలి. ఎప్పుడూ ఏమీ పెరగకుండా చీము కణాలు మాత్రం కనబడితే క్షయ పరీక్ష చేయించాలి. అందుకు మూడు రోజులు ఉదయాన్నే మొదటి మూత్రం ఇవ్వాలి. చీమూ లేదు, సూక్ష్మజీవీ లేదు, మూత్రం నిండేకొద్దీ నొప్పి పెరిగి పోసుకోగానే తగ్గుతోంది అంటే ఇంటర్‌స్టీషియల్ రకమేమో ఆలోచించాలి. దానికి యాంటీబయాటిక్స్ ఎన్ని మింగినా ప్రయోజనం లేదు. అసలు కల్చర్లే చేయించలేదంటే మాత్రం, ఈసారి మొదటి బిళ్ళ వేసుకోకముందే మూత్రం ఇవ్వండి. మొదటి ధార వదిలి మధ్య ధార పట్టి, ఆలస్యం చేయకుండా లాబుకు చేర్చండి.

మూడు రోజులపాటు ఒక నోటుపుస్తకంలో లెక్క రాయండి. ఎన్ని గంటలకు వెళ్ళారు, కొలత గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, నొప్పి ఉందా అన్నది చాలు. డాక్టరుగారు విసుక్కుంటారని సంకోచించకండి. అలాంటి పుస్తకం నా బల్లమీదికి వస్తే నా పని సగం తగ్గుతుంది. "ఎన్నాళ్ళుగా ఉందో, కల్చర్ ఏమన్నదో చీటీలో రాయండి సార్" అని అడగడం మీ హక్కు. అంతేగాని ఇన్సూరెన్సు కోసం లేని జబ్బు రాయమని అడగకూడదు. రేపు మీకు అత్యవసరమైతే ఆ అబద్ధాన్ని నమ్మే మరో డాక్టరు మందు ఇస్తాడు.

మూత్రంలో రక్తం పడుతోందో లేదో మీరు రాయలేదు. మంట లేకుండా ఎర్రగా వచ్చినా, ఒక్కసారి వచ్చి ఆగిపోయినా, అది యు.టి.ఐ. అనుకుని ఊరుకోకూడదు. పొగాకు అలవాటున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అలాంటప్పుడు మూత్రాశయం లోపల గొట్టంతో చూసే సిస్టోస్కోపీ అవసరమవుతుంది. రక్తం కనబడి ఉంటే నోటుపుస్తకం నిండేదాకా ఆగకండి, రేపే గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళి మూత్రవ్యాధుల సర్జనుకు చూపించుకోండి.