బరువు కాదు, కొలత చూడండి

మన హాస్టల్లో రోడ్ బైకులున్న వాళ్ళందరిదీ ఒకటే పాట: "ఘాట్ ఎక్కలేకపోతున్నాం రా, తేలికైన క్రాంక్‌సెట్ వేయిద్దాం." బరువు చూసి కొనడం దండగని నా అభిప్రాయం. వంద గ్రాములు తగ్గితే కొండకు తెలియదు. పళ్ళు తగ్గితే మాత్రం మోకాలికి తెలుస్తుంది. వెనక చక్రం పళ్ళు అలాగే ఉంచి, ముందున్న చిన్న రింగ్‌ను 39 నుంచి 34కి దించితే గేరు దాదాపు 13 శాతం తేలికవుతుంది.

అయితే రింగ్ ఒక్కటే కొంటే కుదరదు. బోల్టులు కూర్చునే వృత్తం 130 మి.మీ. ఉంటే 38 పళ్ళకంటే చిన్న రింగ్ పట్టదు. 110 మి.మీ. వృత్తమున్న 50/34 క్రాంక్‌సెట్ కావాలి. దాని ఇరుసు 24 మి.మీ. అయితే పాత చదరపు ఇరుసునీ, దాని బేరింగులనీ తీసేయాలి. ఫ్రేములో బేరింగులు థ్రెడ్‌తో బిగుస్తాయా, నొక్కి కూర్చోబెట్టేవా అన్నది ముందే చూడాలి. పెద్ద రింగ్ చిన్నదవుతుంది కాబట్టి ముందు డిరైలర్‌నీ కిందికి దించాలి.

ఇవేవీ చూడకుండా మార్కు చూసి కొంటే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఫస్టియర్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్ పట్టుకున్నది మార్కుల కోసమేనా? ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి దాన్ని బయటికి తీయండి.