మెయిన్ ఆపావా?

ఇంజినీరింగ్‌లో నాది ట్రిపుల్ ఈ. ఉద్యోగం మాత్రం జావాలో. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం పెరిగిపోయిందో మొన్న జనవరిలో ఒక రాత్రి బాగా తెలిసొచ్చింది.

మేముండేది అమెరికాలో, ఒహాయోలో. ఇల్లు 1950ల్లో కట్టిన పాతది. హాల్లో గోడకి గుండ్రటి థర్మోస్టాట్ ఒకటి ఉండేది. ఇంటి మొత్తానికి వేడి కావాలన్నా, ఆపాలన్నా దాన్నే తిప్పాలి. హనీవెల్ కంపెనీ 1953లో తెచ్చిన 'రౌండ్' అనే రకం. పాత అమెరికన్ ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. వైఫై లేదు, యాప్ లేదు, బ్యాటరీ కూడా లేదు.

అంత బాగా పనిచేసేదాన్ని ఎందుకు మార్చావంటారా? మాకు రెండు నెలల పాప. రాత్రి 2 గంటలకి పాలకి లేచినప్పుడల్లా గది చల్లగా ఉందనిపిస్తే నేను హాల్లోకి నడవాలి. మంచం మీద నుంచే ఫోన్‌లో పెంచుకోవచ్చు కదా అని ఆఫర్‌లో స్మార్ట్ థర్మోస్టాట్ కొన్నా. 'అరగంటలో మీరే బిగించుకోవచ్చు' అని వీడియోల్లో చూశా. పాపని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల ముందు కాస్త బిల్డప్ కూడా ఇచ్చా.

పాతదాని మూత తీస్తే భలే ఉంది. లోపల ఒక లోహపు చుట్ట. రెండు వేర్వేరు లోహాల పట్టీల్ని అతికించి చుట్టారు. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ. అందుకే ఉష్ణోగ్రత మారితే చుట్ట కాస్త కదులుతుంది. దాని మీద చిన్న గాజు గొట్టం, అందులో పాదరసం. గది చల్లబడితే గొట్టం ఒరుగుతుంది, పాదరసం జారి రెండు తీగల కొసల్ని కలుపుతుంది. కింద బేస్‌మెంట్‌లో ఫర్నేస్ వెలుగుతుంది. అంతే! స్కూల్లో చదివిన ఫిజిక్సే.

వెనక నాలుగు వైర్లు. ఆర్ అంటే ఫర్నేస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 24 వోల్టుల సప్లై. డబ్ల్యూ హీటింగ్‌కి, వై ఏసీకి, జీ ఫ్యాన్‌కి. పాతది ఉత్త స్విచ్చే కాబట్టి దానికంటూ కరెంటు అక్కర్లేదు. కొత్తదానికి స్క్రీన్ ఉంది, వైఫై ఉంది. దానికి ఎప్పుడూ కరెంటు అందాలి. అంటే వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి కూడా కావాలి. ఆ వైరు పేరు సీ. చాలామంది పాత ఇళ్లలో ఆగిపోయేది ఇక్కడే. నా అదృష్టం, గోడ లోపల వాడకుండా చుట్టి వదిలేసిన నీలం వైరు ఒకటి దొరికింది.

బేస్‌మెంట్‌లోకి వెళ్లి ఫర్నేస్ స్విచ్ ఆపి, ఆ నీలం వైరు రెండో కొసని బోర్డు మీద సీకి బిగించా. మూత పెట్టా. అలవాటుగా స్విచ్ కూడా వేసేశా. తప్పు అక్కడే జరిగింది. పైకొచ్చి గోడ దగ్గర వైర్లు సర్దుతుంటే ఆర్ వైరు కొస నీలం వైరుకి తగిలింది. మెరుపు లేదు, పొగ లేదు. 'టిక్' అని చిన్న చప్పుడు. కొత్తది బిగించి చూస్తే స్క్రీన్ వెలగలేదు. ఫర్నేస్ ఉలుకూ పలుకూ లేదు.

రాత్రి 9:30. బయట మైనస్ 14 డిగ్రీలు. ఇంట్లో 20 నుంచి 17కి వచ్చేసింది. మా ఆవిడ పాపకి ఇంకో దుప్పటి చుట్టి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

నాన్న స్వెటర్ వేసుకుని మెల్లగా వచ్చారు. తెనాలి దగ్గర లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు.

"ఏరా, మెయిన్ ఆపావా?"

"24 వోల్టులే కదా నాన్నా, షాక్ కొట్టదు."

"నీకు కొట్టదు. మెషీన్‌కి కొడుతుంది. ఫ్యూజు ఎక్కడుందో చూపించు."

ఇద్దరం కిందకి దిగాం. స్విచ్ ఆపి మూత తీస్తే, బోర్డు మీద ఊదారంగు ఫ్యూజు, 3 ఆంపియర్లది. కార్లలో వాడే రకమే. లోపల తీగ తెగిపోయి ఉంది. ఈ రాత్రికి అల్యూమినియం ఫాయిల్ చుట్టేస్తే నడుస్తుందేమో అన్నా. నాన్నకి కోపం రావడం చాలా ఏళ్ల తర్వాత చూశా.

"ఊళ్లో ఇట్టాగే ఫ్యూజులో లావు తీగ చుట్టేవాళ్లు. ఫ్యూజు కాలేది కాదు, గోడలో వైరు కాలేది. ఇంట్లో పసిబిడ్డ ఉందిరా. ఫ్యూజు పోయిందంటే దాని పని అది చేసిందనే. వెళ్లి ఇంకోటి తీసుకురా."

షాపు 11కి మూసేస్తారు. పావు తక్కువ 11కి చేరి ఫ్యూజులు కొన్నా. ఈసారి ఫ్యూజు మార్చినా స్విచ్ వేయలేదు. పైన వైర్లు మళ్లీ చూసి, చివరి స్క్రూ బిగించాకే వేశా. 11:30కి గ్రిల్‌లోంచి వెచ్చటి గాలి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ బతికిందంటే ఆ చిన్న ఫ్యూజు పుణ్యమే.

మీలో ఎవరైనా ఈ పనికి దిగితే నాలుగు మాటలు. ఫర్నేస్ స్విచ్, బ్రేకర్ రెండూ ఆపండి, అంతా పూర్తయ్యేదాకా వేయొద్దు. పాతది విప్పే ముందు వైర్ల ఫొటో తీయండి. రంగుల్ని నమ్మొద్దు, ఏ అక్షరం దగ్గర ఏ వైరుందో చూసుకోండి. గోడలో లావు వైర్లు కనిపిస్తే అది 120 లేదా 240 వోల్టులు కావచ్చు, మూసేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇండియాలో గీజర్ థర్మోస్టాట్ కూడా అంతే. అది 230 వోల్టుల వ్యవహారం, ఈ వ్యాసం చదివి దాని జోలికి వెళ్లొద్దు.

పాత గుండ్రటిదాన్ని చెత్తబుట్టలో పడేయకూడదు. ఆ గాజు గొట్టంలో సుమారు 3 గ్రాముల పాదరసం ఉంటుంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వాలి. నేను ఇవ్వడానికి వారం ఆలస్యమైంది. ఆ వారమంతా నాన్న దాన్ని అటూ ఇటూ ఒంచుతూ పాదరసం జారడం చూస్తూ కూర్చున్నారు. "బానే ఉందిగా ఇది" అంటూనే ఉన్నారు.

కొత్తది ఫారన్‌హీట్‌లో 68 చూపిస్తుంటే ఆయనకి అర్థం కావట్లేదని సెల్సియస్‌లోకి మార్చా. ఫోన్‌లో కనిపిస్తుందని ఎంత చెప్పినా వినరు. రోజూ పడుకునే ముందు హాల్లోకి వచ్చి, కళ్లజోడు సర్దుకుని గోడ వైపు చూస్తారు.

"20 ఉంది. పడుకోండి" అని చెప్పి వెళ్తారు.